కల్చర్ బస్సు ఎక్కనన్న ఆబిదా

ఆబిదా పోరాటాలు చేసే మనిషి కాదు. ఆదోనిలో ఉన్నన్నాళ్లూ ఆమె చేసిన యుద్ధాలన్నీ బస్సులో కిటికీ సీటు కోసమే. బస్సు స్టాండులోకి మలుపు తిరుగుతుండగానే కిటికీలోంచి కర్చీఫ్ విసిరేది. ఆ కర్చీఫ్ మీద ఎంత పెద్దమనిషి కూర్చున్నా సరే, ఆమె చూపుకి లేచి నిలబడాల్సిందే. భర్త వాహెద్ పోయాక గుడ్డల కొట్టు అమ్మేసి, కొడుకు ఫైజాన్ దగ్గరికి సిడ్నీ వచ్చేసింది. ఇక్కడి బస్సుల కిటికీలు తెరుచుకోవని తెలిసి చాలా నిరాశపడింది.

వెస్ట్‌మీడ్‌లో వాళ్ల ఫ్లాటు పక్కన ఉండే తెనాలి ఆవిడ భ్రమరాంబ ఆమెను పెద్దవాళ్ల క్లబ్బులో చేర్పించింది. ఆ క్లబ్బు నెలకోసారి అందరినీ ఎక్కడికైనా తీసుకెళ్తుంది. రెండు బస్సులు. కొత్తదానికి నేల దాకా ఒంగే మెట్టు, మెత్తటి సీట్లు, చల్లటి ఏసీ. పాతదాంట్లో ఏసీ ఉందని బోర్డు మాత్రం ఉంది.

క్లబ్బు వ్యవహారాలు చూసే షారన్ ఎవరినీ నొప్పించని మనిషి. "మీవాళ్లంతా ఒకచోట ఉంటే మీ భాషల్లో మాట్లాడుకోవచ్చు, మీ పాటలు పాడుకోవచ్చు" అని పాత బస్సుకి కల్చర్ బస్సు అని పేరు పెట్టింది. కొత్త బస్సుకి ఏ పేరూ పెట్టలేదు. తెల్లవాళ్లకి కల్చర్ లేదని ఆవిడ ఉద్దేశం కాబోలు. "మీవాళ్లు" అంటే తెలుగువాళ్లు, పంజాబీలు, లెబనాన్ వాళ్లు, ఒక చైనా పెద్దాయన. ఆయనా భ్రమరాంబా ఏ భాషలో మాట్లాడుకోవాలో షారన్ చెప్పలేదు. అయినా భ్రమరాంబ పాడుతుండేది, ఆయన చప్పట్లు కొడుతుండేవాడు.

ఫిబ్రవరి ఎండలు మండిపోతున్నప్పుడు కయామా అనే ఊళ్లో సముద్రం చూడటానికి బయల్దేరారు. ఆ ఉదయం ఆబిదా పక్క సీట్లోకి ఒక కొత్తావిడ ఆయాసపడుతూ ఎక్కింది. నల్లటి మనిషి, తెల్లటి జుట్టు, మోకాలికి పట్టీ. పేరు ఆంటీ మార్జ్ అంది. మనలాగే వీళ్లూ ఆంటీ అంటారే అని ఆబిదా సంబరపడి, గుడ్డల కొట్టులో నేర్చుకున్న ఇంగ్లీషులో అడిగింది.

"మీది ఏ దేశం?"

"ఇదే."

"అంతకు ముందు?"

"ఇదే."

"మీ అమ్మానాన్నా?"

"వాళ్లదీ ఇదే. ఈ ఊరికి సిడ్నీ అని పేరు పెట్టకముందు నుంచీ మావాళ్లు ఇక్కడే ఉన్నారు."

ఆంటీ మార్జ్ ఈ నేల మీది ఆదివాసి. ఆ సంగతి అర్థం కావడానికి ఆబిదాకి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక ఇంకో ప్రశ్న పుట్టింది. "మరి నిన్ను ఈ బస్సులో ఎందుకు ఎక్కించినారు?"

ఆంటీ మార్జ్ పగలబడి నవ్వింది. "నా చిన్నప్పుడు మా ఊళ్లో మమ్మల్ని బస్సులో వెనక సీట్లకి తోసేవాళ్లు. ఇప్పుడు ప్రగతి వచ్చింది కదా. ఏకంగా బస్సే ఇచ్చేశారు."

ఆబిదా నవ్వలేదు. ఇన్నాళ్లూ ఏసీ పని చేయకపోవడం తన ఖర్మ అనుకుంది. అద్దంలోంచి, పక్కనే ఇంకా ఆగి ఉన్న కొత్త బస్సు వైపు చూసింది. సగం సీట్లు ఖాళీ. సంచీ చంకన పెట్టుకుని లేచింది. "యూ, మీ, దట్ బస్సు" అంది.

కొత్త బస్సులో ముందు వరసలో తను కూర్చుని, పక్క సీటు మీద కర్చీఫ్ పరిచింది. ఆంటీ మార్జ్ తీరిగ్గా ఎక్కి దాని మీదే కూర్చుంది. షారన్ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"డియర్, మీ బస్సు అది. అక్కడైతే మీకు బాగుంటుంది."

"ఎందుకు బాగుంటుంది? అక్కడ ఉడుకు. ఇక్కడ ఏసీ ఉండాది."

"మీ స్నేహితులంతా అక్కడే ఉన్నారుగా!"

"ఈమె నా స్నేహితురాలే," అంది ఆబిదా. పరిచయమై పావుగంట కూడా కాలేదు.

షారన్ ఫైజాన్‌కి ఫోన్ చేసి, ఫోన్ ఆబిదా చెవి దగ్గర పెట్టింది.

"అమ్మీ, ప్లీజ్, దిగు. నేను ఇంపార్టెంట్ మీటింగ్‌లో ఉన్నా."

"నేను ఇంపార్టెంట్ బస్సులో ఉండా. ఎందుకు దిగల్ల? చెప్పు, దిగుతా."

ఫైజాన్ ఫోన్ పెట్టేశాడు. ఆబిదా ఫోన్ షారన్‌కి తిరిగిచ్చేసింది. పోలీసులొస్తారా, వీసా పీకేసి వెనక్కి పంపేస్తారా, మనవరాలు అఫీఫాని మళ్లీ చూస్తానా అని లోపల భయపడింది. ఆంటీ మార్జ్ ఆమె చేతిని తన ఒళ్లోకి లాక్కుని పట్టుకుంది. ఇద్దరి మోకాళ్లూ కదలనన్నాయి.

షారన్ డ్రైవర్ వైపు చూసింది. "నా లైసెన్సు బస్సు నడపడానికి. ఆంటీలను దించడానికి కాదు," అని అతను పేపరు తీశాడు.

వెనక నుంచి కెన్ అనే పెద్దాయన అరిచాడు. సమానత్వం గురించి ఆయన జీవితంలో ఒక్కసారైనా ఆలోచించిన దాఖలాలు లేవు. "షారన్! కయామా బేకరీలో స్కోన్లు పొద్దున్నే అయిపోతాయి. ఆ ఆడవాళ్లను కూర్చోనివ్వు, బస్సు కదిలించు!"

అలా ఒక తీపి రొట్టె ముక్క కోసం న్యాయం గెలిచింది.

కయామాలో దిగగానే భ్రమరాంబ మొహం మాడ్చుకుని ఎదురొచ్చింది. "ఏవిటి వదినా, చెప్పా పెట్టకుండా నన్నొదిలేసి పోయావు?"

"నువ్వు పాట ఎత్తుకునింటివి వదినా. మధ్యలో ఎట్ల ఆపేది?"

"వచ్చేప్పుడు నాకూ అందులోనే సీటు!"

తిరుగు ప్రయాణంలో కల్చర్ బస్సు జనమంతా ముందే వెళ్లి కొత్త బస్సు నింపేశారు. స్కోన్లు తింటూ ఆలస్యంగా వచ్చిన కెన్ బృందానికి పాతదే దక్కింది. చెమటలు కక్కుతూ దిగిన కెన్ అక్కడికక్కడే గొడవ పెట్టుకున్నాడు. రెండు వేసవులుగా పంజాబీ తాతలు మొత్తుకున్నా బాగుపడని ఏసీ మరుసటి నెలకల్లా బాగైంది.

కయామా నుంచి వచ్చిన సాయంత్రమే షారన్ టీ కప్పుతో ఆబిదా దగ్గరికి వచ్చింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నేనెప్పుడూ ఆ ఉద్దేశంతో చేయలేదు."

"ఉద్దేశం లేదులే తల్లీ. మేమూ ఇన్నాళ్లూ ఏమీ అనుకోలా. అదే కదా తప్పు," అంది ఆబిదా, తెలుగులోనే. షారన్‌కి ఏమర్థమైందో గానీ తల ఊపింది. కల్చర్ బస్సు అనే పేరు పోయింది. ఎవరు ముందొస్తే వాళ్లకి నచ్చిన సీటు.

అందరూ సంతోషించారని చెప్పలేను. చైనా పెద్దాయన పాత బస్సులో ఇక పాటలు లేవని బెంగపెట్టుకున్నాడు. భ్రమరాంబ కొత్త బస్సులో పాడబోతే ఎవరో ఉష్ అన్నారు. ఆమె ఇంకా గట్టిగా పాడింది.

క్లబ్బు పత్రిక కోసం ఒకమ్మాయి వచ్చి, ఆ రోజు మీకు అంత ధైర్యం ఎక్కడిదని ఆబిదాని అడిగింది. "ధైర్యం ఏంది? మోకాళ్ల నొప్పి, ఎండ," అని చెప్పింది ఆబిదా. ఆంటీ మార్జ్ కూడా అదే రాసుకోమంది. ఆ మాటలు అచ్చు కాలేదు. ఫొటో మాత్రం పడింది: ఇద్దరు ఆంటీలు చెరోపక్క, మధ్యలో కెన్, విజయగర్వంతో నవ్వుతూ.