తడపడం అనే మాట

పోయిన వారం మధురవాడలో ఒక స్నేహితురాలి ఫ్లాట్ గృహప్రవేశానికి వెళ్లాను. కుర్ర పురోహితుడు మామిడాకుతో గోడల మీదా మా నెత్తుల మీదా నీళ్లు చల్లి, ఎవరూ అడగకపోయినా అర్థం చెప్పాడు. "సంప్రోక్షణ అంటే పెద్ద మాటనుకోకండి. సంస్కృతంలో 'ఉక్ష' అంటే తడపడం. బాగా తడిపితే పవిత్రమైనట్టే." అందరూ నవ్వారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. విస్తట్లో పూర్ణాలు వేస్తున్నారని తెలిసీ తినకుండా వచ్చేశాను, అంత కోపం.

తొంభైల్లో గాజువాకలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు దాన్ని తడిపింది మా మేనత్త. నాన్నకి స్టీలు ప్లాంటులో షిఫ్టులు, అమ్మకి చంకలో తమ్ముడు. చిన్నప్పుడే భర్త పోయి మా దగ్గరే ఉంటున్న అత్తకి తాపీమేస్త్రి ఒకటే చెప్పాడు. "గోడ ఆరనిత్తే బీటలు తీసేత్తాదమ్మా. ఇటుకలు పేర్సీది నానే గానీ, గట్టిసేసీది నీ నీల్లే." ఇక అత్త చీర ఎగదోపి పైపు పట్టుకుంది. ఆ ఎండాకాలమంతా రెండుపూటలా గోడలకి స్నానాలే. తడి సిమెంటు వాసన ఆవిడ చీరలకి అంటుకుపోయింది. స్లాబు మీద మట్టిగట్లు వేసి నీళ్లు నిలబెడితే కాకులు జలకాలాడేవి. "మీ అబ్బ తవ్వించిన చెరువనుకున్నారా" అని వాటితోనూ తగువే. మా అందరితో కలిసి వీధి గుమ్మంలోంచి కొత్తింట్లోకి నడవాలని ఆవిడ కోరిక. దానికోసం ఆకుపచ్చంచు చీర ఇస్త్రీ చేయించి పెట్టుకుంది.

గృహప్రవేశం రోజు పొద్దున నాన్న మేనమామ వచ్చి, "నువ్వు ఎదురు రాకమ్మా, అంతా అయ్యాక దొడ్డిదారిన వద్దువుగాని" అన్నాడు. నాన్న నేలచూపులు చూశాడు. ఆ చూపుకి ఆయన్ని నేనింకా క్షమించలేదు. లోపల మామిడాకుతో నాలుగు చుక్కలు చల్లుతుంటే, ఇల్లంతా తడిపిన మనిషి ఇస్త్రీ చీరలో పెరటి తొట్టి పక్కన నిలబడింది. పక్కింటావిడ చూసి, "ఏటమ్మా, నువ్విక్కడుండిపోనావేటి?" అంది.

"లోపల తడుపుతున్నారు కదమ్మా, ఆరనీ" అంది అత్త.

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆవిడ పెరటి గుమ్మంలోంచే వచ్చింది, పెరటి గుమ్మంలోంచే వెళ్లింది. పోయాక మాత్రం వీధి గుమ్మంలోంచే మోసుకెళ్లారు, అప్పుడెవరికీ అభ్యంతరం లేకపోయింది. ఇన్నేళ్లయినా ఆ గోడలు ఎక్కడా బీట తీయలేదు, నా కోపమూ ఆరలేదు.