మౌనిక సీసాలోని పాలపన్ను

కొత్త జిల్లాలు ఏర్పడిన రెండేళ్లకు, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, మొయినాబాద్ దగ్గర ఒక ప్రైవేటు డెంటల్ కాలేజీలో డెంటల్ అనాటమీ విభాగానికి హెడ్‌గా చేరాను. అంతకు ముందు చాలా ఏళ్లు సర్కారు దవాఖానల్లో పళ్లు పీకినదాన్ని. ఇకమీదట పళ్లు పీకే పని లేదు, వాటి గురించి పాఠం చెబితే చాలు కదా, హాయిగా గడిచిపోతుందనుకున్నాను. ఆ హాయి చలికాలం దాకా కూడా నిలవలేదు.

బీడీఎస్‌లో చేరిన పిల్లలు మర్నాటి నుంచే రోగుల నోళ్లు తెరిపించి చూస్తారని బయటివాళ్లు అనుకుంటారు. రోగి దగ్గరికి పంపేది మూడో ఏడాదిలో. మొదటి ఏడాది శవాల మీద అనాటమీ, పుస్తకాల్లో ఫిజియాలజీ, మా విభాగంలో మైనపు దిమ్మను కత్తితో చెక్కి పన్ను తయారుచేయడం. చెక్కాలంటే ముందు నిజమైన పన్నును వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూడాలి. అందుకని మొదటి ఏడాది పిల్లలంతా పీకేసిన పళ్లు పోగుచేసుకోవడం మా చదువులో పాత ఆనవాయితీ. తెలిసిన క్లినిక్‌లన్నీ తిరిగి అడుక్కొస్తారు. అక్కడి డాక్టర్లు కూడా ఒకప్పుడు అలా అడుక్కున్నవాళ్లే కనుక నవ్వుకుంటూ ఇస్తారు. వాటిని కడిగి, పురుగు పట్టకుండా ఫార్మలిన్ నీళ్లలో వేసి సీసాలో దాచుకుంటారు. నెలకోసారి స్పాటర్ అనే పరీక్ష ఉంటుంది. బల్ల మీద ఒక పన్ను పెడతాం. అది పై దవడదా కింది దవడదా, కుడిదా ఎడమదా, ఎన్నోది అన్నది చూసిన వెంటనే రాయాలి. పిల్లలు ఈ పరీక్షకు వణికి చస్తారు.

ఆ బ్యాచ్‌లో మౌనిక అనే అమ్మాయి ఉండేది. చేవెళ్ల నుంచి లోపలికి వెళ్తే వచ్చే ఒక పల్లె వాళ్లది. ఊరి పేరు రాయను. తండ్రి అంజయ్య చేవెళ్ల మార్కెట్లో హమాలీ. తల్లి చిన్నప్పుడే పోయింది, నాయనమ్మ నర్సమ్మ పెంచింది. ఆ ఊళ్లోంచి డాక్టరు చదువుకు వచ్చిన మొదటి పిల్ల. రోజూ బస్సులో వచ్చి పోయేది. చెయ్యి మంచిది, మైనం మీద కత్తి పెడితే ఎక్కడ ఆపాలో దానికి తెలుసు. అలాంటి చేతిని చూస్తే నాకు ఆశ పుడుతుంది, దాచుకోవడం ఎందుకు.

నేను చిల్కూరులో కిరాయికి ఉండేదాన్ని. ఒక ఆదివారం మధ్యాహ్నం మౌనిక ఫోన్ చేసింది.

"మేడమ్, మా ఇంటి ముంగట జనం జమైన్రు. నా పండ్ల సీసా దొరికింది వాళ్లకు. మా నాయినమ్మ బాణామతి చేస్తున్నదంటున్రు."

ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా చెప్పింది. మర్నాడు స్పాటర్ ఉందని సీసాను ఇంటికి తెచ్చుకుంది. అది పాత పచ్చడి సీసా, వంటింటి సజ్జ మీద పెట్టింది. పక్కింటామె పచ్చడి అడగడానికి వచ్చి, తానే చెయ్యి చాపి సీసా దించి మూత తీసింది. ఆమె మనవడు, ఏడేళ్లవాడు, అప్పటికి వారం నుంచి జ్వరంతో చేవెళ్ల దవాఖానలో ఉన్నాడు. ఎన్ని సూదులు వేసినా తగ్గడం లేదు. జ్వరానికి కొన్నాళ్ల ముందు వాడి ముందుపన్ను రాలితే, అందరూ చేసినట్టే పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరారు. రెండిళ్లకూ ఒకటే గోడ. పన్ను నర్సమ్మ వైపు పడింది. నర్సమ్మ చంటిపిల్లలకు పసర్లు పోసే మనిషి కూడా. ఇంకేం కావాలి?

ఆ మాట వింటూనే కారు తాళాలు వెతుక్కున్నాను. కారణం చెబుతాను. మా వైపు ఒకప్పుడు బాణామతి, అంటే చేతబడి, చేశారని అనుమానం వచ్చిన మనిషికి పళ్లు ఊడబీకేవాళ్లు. పళ్లు లేకపోతే మంత్రం సరిగా పలకదని నమ్మకం. నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో అలాంటి మనిషి ఒకరు మా దవాఖానకు వచ్చారు. ఆ చిగుళ్లకు కుట్లు వేసింది నేనే.

వంద నంబరుకు ఫోన్ చేసి ఊరి పేరు, సంగతి చెప్పాను. బండి పంపుతున్నామన్నారు. తర్వాత గ్లౌజులు, ఒక తెల్లటి తువ్వాలు తీసుకుని కారెక్కాను. ఆదివారం కావడంతో గుడికొచ్చిన కార్లతో చిల్కూరు దారి కిక్కిరిసి ఉంది. హారన్ కొట్టీ కొట్టీ నా అరచెయ్యి నొప్పి పుట్టింది. మొయినాబాద్ దాటాక రోడ్డు ఖాళీ అయింది.

పోలీసుల కంటే నేనే ముందు చేరాను. ఇంటి ముందు జనం. అంజయ్య గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. అతని వెనక చీకట్లో మౌనిక, ఆమెను పట్టుకుని నర్సమ్మ. అరుగు మీద సీసా ఉంది. దాని పక్కన ఒక కటింగ్ ప్లేయర్ ఉంది. ఎవరు తెచ్చి పెట్టారో ఆ రోజూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు. పళ్లు పీకే పనిముట్లతో జీవితమంతా గడిపిన నాకు అది అక్కడ ఎందుకుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను మౌనికకు చదువు చెప్పే డాక్టర్నని, ఆ పళ్లు తెచ్చుకోమన్నది కాలేజీయేనని గట్టిగా చెప్పాను. జ్వరం పిల్లవాడి తాత మల్లయ్య ముందుకొచ్చాడు. మనిషి కోపంగా లేడు, భయపడిపోయి ఉన్నాడు. అది మరీ ప్రమాదం.

"గీ పండ్లు ఎవరియి, డాక్టరమ్మా? ముందుగాల గది చెప్పు."

ఏ పన్ను చూపించినా ఎన్నోదో, ఏ వైపుదో, మనిషి వయసు ఎంత ఉండొచ్చో చెప్పగలను. ఎవరిదంటే ఏం చెప్పను? దవాఖానలో పీకినవని, వాటి మనుషులు ఎవరో మాకు తెలియదని ఉన్నమాట చెప్పాను. జనంలో గొణుగుడు లేచింది. మా పిల్లగాని పన్ను అందులోనే ఉన్నదని మల్లయ్య అన్నాడు. అయితే అందరి ముందూ చూద్దామని, తువ్వాలు అరుగు మీద పరిచి, గ్లౌజులు వేసుకుని, నీళ్లు ఒంపేశాను. ఫార్మలిన్ ఘాటుకు ముందున్నవాళ్లు కొంగులు మూతికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగారు. ఆ వాసన కూడా మంత్రానిదే అని ఎవరో అన్నారు.

పళ్లు ఒక్కొక్కటిగా పేర్చడం మొదలుపెట్టాను. అన్నీ పెద్దవాళ్లవే. పుచ్చిన దవడ పళ్లు, చిగుళ్ల వాపుతో కదిలి ఊడిన ముందు పళ్లు. నా ఊపిరి కాస్త కుదుటపడుతుండగా నా వేళ్ల కింద ఒక చిన్న పన్ను తగిలింది. ఒక పక్క పుచ్చి నల్లబడినా మిగతాదంతా తెల్లగా, పొట్టిగా, మెడ దగ్గర నొక్కినట్టు. పాలపన్ను.

అది నేను తప్ప ఇంకెవరూ చూడలేదు. గ్లౌజు మడతలో దాచేయడం చిటికెలో పని. దాచేద్దామనే అనుకున్నాను కూడా. కానీ గుమ్మంలోంచి మౌనిక నా చేతినే చూస్తోంది. సీసాలో అది ఉందని దానికి తెలుసు కదా. పైగా మల్లయ్య కూడా కన్నార్పకుండా చూస్తున్నాడు. పట్టుబడితే నర్సమ్మను ఆ రోజు ఎవరూ కాపాడలేరు.

దాన్ని పైకెత్తి పట్టుకుని, ఇది పిల్లలదే, పాలపన్ను అని నేనే చెప్పాను. ఒక్కసారిగా కేక లేచింది. అంజయ్య నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. నేను అంతకంటే గట్టిగా అరిచి, మల్లయ్యను చెయ్యి చాపమన్నాను. ఒక్క క్షణం తటపటాయించి చాపాడు. పన్నును అతని అరచేతిలో పెట్టాను.

"మీ పిల్లవాడిది పీకించారా, దానంతటదే రాలిందా?"

"రాలింది."

"అయితే దీని కింద ఏమున్నదో చూడండి."

దానికి మూడు వేర్లున్నాయి, కోడికాలి వేళ్లలా విచ్చుకుని. పాలపన్ను దానంతటదే రాలేటప్పటికి వేరు కరిగిపోతుంది, పై చిప్ప మాత్రమే చేతికొస్తుంది. ఇది మా పుస్తకాల్లో ఉంటుంది. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ చూసిన సంగతే కూడా. ఈ వేర్లు చూడండి, రాలిన పన్నుకు ఇలాంటివి ఎవరైనా చూశారా అని ఆడవాళ్లను అడిగాను. వెనక నుంచి ఒక ముసలామె అంది.

"రాలిన పంటికి వేరేడిది, బిడ్డా? గుల్లగ ఉంటది గంతే. మనం ఎన్ని ఇసిరేయలేదు కప్పు మీదికి!"

మరొకామె అవునంది. పన్ను చేతులు మారింది. అది దవడ పన్నని, పుచ్చి నల్లబడిందని, పిల్లవాడికి ఊడింది ముందుపన్నని వాళ్లే ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ సమయంలో నేను మాట్లాడకపోవడమే మంచిదనిపించింది. చివరికి పన్ను మల్లయ్య చేతికే తిరిగొచ్చింది. అతను దాన్ని తువ్వాలు మీద పెట్టి, చేవెళ్ల దవాఖానకు పోవడానికి బయల్దేరాడు. పోలీసు బండి వచ్చేసరికి సగం మంది వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు ఎస్సై నెమ్మదిగానే, అర్థమయ్యేలా చెప్పాడు. నేను చూసేసరికి అరుగు మీద ప్లేయర్ లేదు.

నర్సమ్మ బయటికొచ్చి అరుగు మీద కూలబడింది. అంజయ్య అప్పుడు ఏడ్చాడు.

"గీ సదువు మాకొద్దు మేడమ్. మా అవ్వ పానం కంటే ఎక్కువనా?"

నర్సమ్మ మాత్రం పంటి బిగువున, రేపు పరీక్ష ఉన్నదట, పొమ్మను అంది. మర్నాడు మౌనిక బస్సు దిగి వచ్చింది. సీసా లేకుండా.

పిల్లవాడి జ్వరం ఆ వారంలోనే తగ్గింది. అది డెంగీ అని తేలి, హైదరాబాదు తీసుకెళ్లి రక్తకణాలు ఎక్కించారు. నేను ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, పళ్లు విభాగం గది దాటి పోకూడదని, పిల్లలు అక్కడే కూర్చుని చదువుకోవాలని నియమం పెట్టించాను. విసుక్కున్నవాళ్లు చాలామంది.

నాలుగేళ్లకు మౌనిక హౌస్‌సర్జన్ అయింది, అంటే చదువు ముగిశాక ఏడాదిపాటు దవాఖానలో రోగులను చూసే డాక్టరు. ఒక రోజు నేను ఓపీ మీదుగా వెళ్తుంటే ఆమె కుర్చీలో మల్లయ్య కూర్చుని ఉన్నాడు. దవడ వాచింది. ఎంతోమంది డాక్టర్లుండగా అంజయ్య బిడ్డ దగ్గరికే పోతానన్నాడట. మౌనిక మత్తిచ్చి, పన్నును శుభ్రంగా తీసింది. మల్లయ్య దూది కరచుకుని ఉన్నాడు, మాట రాదు. చెయ్యి చాపాడు, ఆ రోజు నా ముందు చాపినట్టే. మౌనిక ఏమిటని అడగలేదు. పన్నును కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని కండువా చెంగున ముడేసుకుని వెళ్లిపోయాడు.

పీకిన పన్ను డాక్టరుదీ కాదు, కాలేజీదీ కాదు. అడిగితే ఇచ్చేయాలి. మనకు కావాలంటే, ఎందుకో చెప్పి, అడిగి ఉంచుకోవాలి. ఆ మర్నాటి నుంచి మా ఓపీలో అలాగే అడిగాం. కాదన్నవాళ్లు కొద్దిమందే. నేను రిటైరయ్యేనాటికి మా విభాగం సీసాల్లో కొత్తగా చేరిన ప్రతి పన్నూ దాని మనిషి ఇచ్చిందే.