తాడు మందంలో సగం

చౌడప్పది ఊరిగాం. తాత చిత్తూరు పక్క పల్లె నుంచి బంగారు గనిలో పనికి వచ్చి కంపెనీ కట్టిన కూలీల లైన్లలో స్థిరపడ్డాడు. చౌడప్ప మాత్రం భూమిలోకి దిగలేదు. మనుషులెక్కే ఇనుప పంజరాన్ని, అంటే కేజిని, తాడుతో గనిలోకి దించే వైండింగు ఇంజన్ల దగ్గర ఫిట్టరయ్యాడు. గనులు సర్కారు చేతికి వచ్చాక నేనూ అదే వర్క్‌షాపులో చేరాను. ఇద్దరికీ చదువు అంతంతే. ఆయన పక్కన నిలబడి చూస్తూనే స్పానరు పట్టడం నేర్చుకున్నాను.

ఆదివారాలు, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల పక్క మైదానంలో కార్ల పందేలు జరిగేవి. అన్నీ పాత ఫియట్లు, హెరాల్డులు. నడిపేవాళ్ళు సరదా కొద్దీ వచ్చే ఉద్యోగులు. పందేలు నడిపే క్లబ్బుకు ఉన్న గట్టి నిబంధన ఒక్కటే: ఇంజన్ నలభై హార్స్‌పవర్ దాటకూడదు. దాటిందో లేదో చెప్పేవాడు చౌడప్ప. నడుస్తున్న ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి, కాసేపు విని, "ముప్పై ఆరు" అనేవాడు. ఇక ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. చౌడప్పకు జీతం కన్నా ఆ గౌరవమే ముఖ్యం.

అలాంటి సమయంలో మా వర్క్‌షాపుకు చిక్కవెంకటప్ప వచ్చాడు. బైరకూరులో పంపుసెట్లు బాగుచేసి చేయి తిరిగినవాడు. చౌడప్ప భార్య గురువమ్మకు చెల్లెలి మొగుడు. వచ్చీరాగానే పందేనికి ఒక ఫియట్ తయారుచేసుకున్నాడు. దాంతోపాటు ఇంజన్‌ను కొలిచే ఏర్పాటు ఒకటి చేశాడు. ఇంజన్‌ను స్టాండు మీద బిగించి, దాని షాఫ్టుకు ఇనుప డ్రమ్ము తగిలించి, దాని చుట్టూ లావుపాటి తాడు వేశాడు. తాడుకు ఒక కొసన బరువులు, రెండో కొసన స్ప్రింగు త్రాసు. తాడు మీద ఎంత లాగుడు పడుతోందో, డ్రమ్ము ఎంత వేగంగా తిరుగుతోందో తెలిస్తే హార్స్‌పవర్ లెక్క కట్టవచ్చు. క్లబ్బువాళ్ళకు ఇది నచ్చింది. ఇకమీదట తాడు చెప్పిందే లెక్క అన్నారు.

చౌడప్ప చాలా రోజులు అటువైపు పోలేదు.

"ఊరంతా చూసొచ్చినారు, నువ్వు తప్ప" అంది గురువమ్మ.

"తాడు కట్టి తూకమేసేదానికి ఇంజనేమన్నా గుమ్మడికాయనా?"

"చూస్తే కళ్ళు పోతాయా?"

వెంకటప్ప తన సొంత ఇంజన్‌ను కొలిచే రోజు మాత్రం చౌడప్ప నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. "వెల్డింగు చూడప్పా, వంకరగా ఉంటాది" అన్నాడు దారిలో. వెళ్ళి చూస్తే చీమల బారులాగా తిన్నగా ఉంది. డ్రమ్మును చేత్తో తిప్పి చూశాడు, ఎక్కడా ఊగలేదు. తాడు కాలకుండా నీళ్ళు పడే గొట్టం కూడా సరైన చోటే ఉంది. ఒక్కొక్కటి బాగున్నకొద్దీ చౌడప్ప మొహం మాడిపోయింది.

ఇంజన్ నడిపారు. తడి తాడు ఆవిర్లు కక్కింది. వెంకటప్ప లెక్కవేసి "ముప్పై తొమ్మిది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"డ్రమ్ము ఎంత?" అన్నాడు చౌడప్ప.

"నడిమి నుంచి అంచుకు అడుగు, అన్నా."

"తాడు మందం?"

"అంగుళం."

"వైండింగు కాడ పనిచేసేటోడివి. తాడుకు వేలాడే కేజి బరువు యాడ పడతాది? డ్రమ్ము అంచు మీదనా, తాడు నడిమినా?"

లాగుడు తాడు నడిమిన పడుతుంది కాబట్టి తాడు మందంలో సగాన్ని, అంటే అర అంగుళాన్ని, ఆ అడుగుకు కలపాలి. వెంకటప్ప అది మరిచిపోయాడు.

క్లబ్బులో ఒకాయన నవ్వి, "షడ్డకుడి కారు కదా, కడుపు మండుతా ఉండాదేమో" అన్నాడు.

"మండుతానే ఉండాది. దానికీ తాడుకీ ఏం సంబంధం?" అన్నాడు చౌడప్ప.

వెంకటప్ప మళ్ళీ లెక్క కట్టాడు. "నలభైయిన్నర దాటినాది. అన్న చెప్పిందే నిజం. ఈ ఇంజన్ పందేనికి పనికిరాదు" అని తనే అందరికీ వినబడేలా చెప్పాడు. జగడానికి సిద్ధపడి వచ్చిన చౌడప్పకు ఆ మాట ఏమాత్రం రుచించలేదు.

వెంకటప్ప కార్బురేటరు కింద చిన్న రంధ్రమున్న రేకు బిగించి, ఇంజన్ బలం తగ్గించాడు. ఈసారి చౌడప్పే కొలిచాడు. ముప్పై తొమ్మిది దాటలేదు. ఆ ఆదివారం వెంకటప్ప మలుపుల్లో అందరినీ వెనక్కు నెట్టి గెలిచాడు.

ఇకమీదట కొలిచే పని చౌడప్పదేనని క్లబ్బు తీర్మానించింది. పోయిన గౌరవం తిరిగి వచ్చింది. అయితే కార్లవాళ్ళు ముందు వెంకటప్ప దగ్గర ఇంజన్ చేయించుకుని, తరువాత చౌడప్ప దగ్గరికి తెచ్చేవారు.

"పేరొచ్చింది కదా, ఇంగ అన్నం తిను" అంది గురువమ్మ.

"ఇంజన్లన్నీ వాడివి. నేను తక్కెడ పట్టుకునేటోణ్ణి."

ఆ తరువాత ఒకసారి లక్కూరు నుంచి ఒకాయన ఇంజన్ తెచ్చాడు. చౌడప్ప కొలిస్తే నలభైకి వెంట్రుకవాసి తక్కువ వచ్చింది. తాడు విప్పి, మళ్ళీ వేసి కొలిచాడు. అంతే వచ్చింది.

"ఎవరు చేసినారు?"

"వెంకటప్పన్న."

పాసైనట్టు ఇంజన్‌కు తగిలించే చిన్న రేకు మీద ముద్ర కొడుతూ చౌడప్ప నావైపు వంగాడు.

"వాడిది ఇంగ ఒక్కటన్నా నలభై దాటి చావదేమప్పా" అన్నాడు.