సంబంధానికి వచ్చిన మనిషి

శివజ్యోతిది తేలిక చెయ్యి. ఆమె సూది గుచ్చి రక్తం తీస్తే ముసలివాళ్ళు కూడా అబ్బా అనరు. మనుషుల్ని అంచనా వెయ్యడంలో మాత్రం అంత నేర్పు లేదు పాపం. కర్నూలు టౌన్‌లో ల్యాబులో పనిచేసేటప్పుడు ఫోన్లో పరిచయమైన రంగనాథ్‌ను నాలుగు నెలలు నమ్మింది. వాడికి పెళ్ళాం ఉందని తెలిసి వద్దు పొమ్మంటే, ల్యాబు వాకిట్లో కాపు కాయడం మొదలుపెట్టాడు. ఆమె నంబరు మార్చింది, హాస్టలు మార్చింది, ఆఖరికి పని కూడా మార్చుకుని కల్లూరులో ఇంకో ల్యాబులో చేరింది. కొత్త చోటు చెప్పింది గానీ, ఎందుకు మారిందో ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు.

అప్పుడే ఎవరో ఒక యాప్ సంగతి చెప్పారు. అందులో అందరూ ఆడవాళ్ళే. ఇట్లాంటి మగవాళ్ళ గురించి, తమ పేరు బయటపెట్టకుండా ఒకరినొకరు హెచ్చరించుకుంటారు. ఆడమనిషేనని రుజువుకు ఆధార్ కార్డు ఫోటో పెట్టమంటే పెట్టింది. రంగనాథ్ గురించి రాసింది. బతికించావక్కా అని ఇద్దరు అమ్మాయిలు జవాబిచ్చారు. ఆ రోజు ఆమె కడుపునిండా తిన్నది.

మూడు నెలలకు ఆ యాప్‌లోని కార్డులన్నీ ఎవరో దోచి వాట్సాప్ గ్రూపుల్లో పారబోశారు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? శివజ్యోతి కార్డు తీసి చూసుకుని ఊపిరి పీల్చుకుంది. దానిమీద ఉన్నది తండ్రి పెద్ద ఈరన్న పేరు, పత్తికొండ దగ్గరి పల్లె చిరునామా. కల్లూరు మాటే లేదు. పిచ్చితల్లి, తాళం వేసి గొళ్ళెం మరిచింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె ల్యాబులో ఉండగా ఈరన్న ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం పట్టడంలేదు. సంబంధం వచ్చిందట. పిల్లవాడే నేరుగా ఇంటికి వచ్చాడట. వాడి ఫోన్లో ఆమె కార్డే ఉందట, ఫోటో, పుట్టిన తేదీతో సహా. జాతకం కోసం పెళ్ళిళ్ళ పేరయ్యలు అవన్నీ పంపుతూనే ఉంటారు కాబట్టి ఈరన్నకు అనుమానం రాలేదు. అమ్మ బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టిందట.

పిల్లవాడి పేరేమిటని ఆమె అడిగింది. రంగనాథ్ అన్నాడు ఈరన్న. భయం రావాలి, రాలేదు. ఎదురుగా కుర్చీలో ఒక పెద్దాయన చొక్కా చెయ్యి పైకి మడుచుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఏమేం చెప్పినావు నాయినా?"

"అడిగినవన్నీ చెప్పినా. సంబంధానికొచ్చినోళ్ళ కాడ దాస్తే బాగుంటాదా? ల్యాబు యాడుండాది, హాస్టలు యాడుండాది, ఎన్ని గంటలకు ఆటో ఎక్కుతావు, అన్నీ. శానా మర్యాదస్తుడు. నిన్ను చూసొస్తానని బస్సెక్కినాడు."

"వాడు సంబంధానికి రాలే నాయినా. వానికి దొరక్కూడదనే నేను కల్లూరికొచ్చినా."

"మరి నీ కార్డు వానికి ఎవురిచ్చిరమ్మా?"

"నేనే పెట్టినా."

వాడు బస్సెక్కి ఎంతసేపయిందని అడిగింది. రెండు గంటలు దాటిందన్నాడు ఈరన్న. పత్తికొండ నుంచి కల్లూరుకు రెండు గంటలే.