పాచి కింద ఉన్నది

కొత్త ఎయిర్‌పోర్టులో పనిచేసే రాఘవేందర్ ఇంట్లో ఉప్పునీళ్ల చేపలతొట్టి పెట్టుకున్నాడు. అందులో రాళ్లన్నీ పచ్చటి పాచి పట్టిపోయేసరికి, విసిగిపోయి పెద్దరాయిని బయట పారేయబోయాడు.

"జర ఆగు బిడ్డా! కలుపు మస్తుందని నేనెన్నడన్న మడి ఇడిచిపెట్టిన్నా?" అంటూ తల్లి అనంతమ్మ ఆ రాయిని తొట్టినీళ్లు పోసిన బేసిన్‌లో పెట్టుకుంది. వరిమడిలో కలుపు తీసినట్టే పాచిని కుదుళ్లతో పీకసాగింది.

శుభ్రమైన చోట, సన్నటి గొట్టంలోంచి ఎర్రటి ఈకలాంటిది మెల్లగా విప్పుకుంది. ఆమె వేలు కదిలితే చటుక్కున లోపలికి పోయింది. కాసేపటికి మళ్లీ విచ్చుకుంది.

సముద్రమే చూడని అనంతమ్మ చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి.

"అగో, రాయిల పాణమున్నదిరా!"

రాఘవేందర్ వంగి చూశాడు. "సముద్రపు పురుగమ్మా అది. ఇన్నొద్దులు పాచి కిందనే బతికింది."

"ఇగ పారేస్తవా?"

అతడు రాయిని రెండు చేతులా ఎత్తి తొట్టిలో దించాడు.