గేర్‌బాక్సుకు రెండో మోటారు

మా సైన్సు సారు పోయారని ఫోను వచ్చేసరికి నేను యూసుఫ్‌గూడలో కూరగాయల బండి దగ్గర బెండకాయలు ఏరుకుంటున్నాను. ఏరినవి తూకానికిచ్చి, ఇంటికొచ్చి, కూర కూడా వండాను. ఏడుపు మర్నాడు ఏడో క్లాసులో భిన్నాలు చెబుతుండగా వచ్చింది.

మీలో చాలామందికి ఆయన తెలియదు. ఫిల్మ్‌నగర్ కొండ దిగువన మా బడిలో ఏళ్లతరబడి సైన్సు చెప్పారు. సాయంత్రాలు పిల్లలతో పోటీలకు రోబో చేయించేవారు. ఆ పిల్లల ఇళ్లలో లైట్‌మెన్, మేకప్ వాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు ఉన్నారు. అందుకే మా రోబో మొదటిసారి కదలాలంటే ఎవరో అట్టముక్కతో క్లాప్ కొట్టాలి, కొబ్బరికాయ పగలాలి. ఆదివారం చర్చి తప్పని సారు ఆ కొబ్బరిముక్క మాత్రం ముందుగా తానే అడిగి తీసుకునేవారు.

నేను లెక్కల టీచర్ని. ఒకరోజు ఆయన నా బల్ల దగ్గరికొచ్చి, గేర్ల పళ్లు లెక్కపెట్టడానికి మనిషి కావాలన్నారు. ఇల్లు, బడి, మంచంలో ఉన్న అత్తగారు, అప్పటికే నా నడుం విరుగుతోంది. అయినా వెళ్లాను. ఆయనకు కాదని చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు.

పిల్లలకు కావలసింది జోరు. రోబో హీరో ఎంట్రీలా దూసుకురావాలి. అప్పట్లో ఒక్కో వైపు చక్రాలను తిప్పే గేర్‌బాక్సుకు ఒకే మోటారు ఉండేది. ఎదుటి రోబోను నెట్టబోతే అది వేడెక్కి చతికిలపడేది. సారు ఒక్కోదానికి ఇంకో మోటారు బిగించారు. రెట్టింపు వేగం వస్తుందని పిల్లలు ఎగిరారు. రాలేదు. మొహాలు వేలాడేశారు.

"రెండోది జోరు కోసం కాదమ్మా," అన్నారాయన. "మొదటిది అలిసిపోకుండా."

ఓసారి పిల్లలు రెండింటిలో ఒక మోటారుకు తీగలు తిరగేసి కలిపారు. రెండు మోటార్లూ చెరోవైపు లాగి, చక్రం కదలకపోగా పొగ వచ్చింది. ఆయన జ్వరం చూసినట్టు వాటిమీద చెయ్యి పెట్టి, మా ఇంట్లోనూ ఇంతేనండీ మేడమ్ అన్నారు.

బరువులు ఎత్తొద్దని డాక్టర్లు ఆయనకు ఎప్పుడో చెప్పారట. ఆ సంగతి, చివరి రోజుల్లో ఆయన్ను చూడ్డానికి వెళ్లినప్పుడు, ఆసుపత్రిలో ఆయన భార్య చెబితే తెలిసింది. గేర్ల పళ్లు ఏ పిల్లయినా లెక్కపెడుతుంది. ఆయనకు కావలసింది తోడు. నాతో ఒక్కమాట అనొచ్చు కదా అని కోపం వచ్చింది. ఇంకా పోలేదు.

పోటీలు దగ్గరికొచ్చాయి. ఒక్కదాన్నే నావల్ల కాదు, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. రోబో గది తాళం హెడ్‌మిస్ట్రెస్‌కి ఇచ్చేద్దామనుకున్నాను. ఆ సాయంత్రం పిల్లలు తాళం అడిగి పట్టుకెళితే, వెనక్కి తీసుకుందామని వాళ్ల వెనకే వెళ్లాను.

రోబోను నేలమీద బోర్లించి ఉంచారు. గేర్‌బాక్సుకు మూడేసి మోటార్లు. మూడోది పట్టక, పక్కరేకు కోసి మరీ ఇరికిస్తున్నారు. బరువు పెరుగుతుంది, పోటీలో ఒప్పుకోరు, ఎవరు పెట్టమన్నారని అడిగాను.

తొమ్మిదో క్లాసు పిల్ల ఒకతి స్క్రూ తిప్పుతూ, తలెత్తకుండానే చెప్పింది.

"సార్ లేరు గద టీచర్. ఇగ మీరొక్కరే. మోటార్ కాలినప్పుడల్లా మీకే తిప్పలైతదని మేమే పెడుతున్నం."

తాళం అడగలేకపోయాను. స్క్రూ వంకరగా పోతోంది. చెప్పులు విడిచి, వాళ్ల మధ్య నేలమీద కూర్చుని, ఆ మూడో మోటారును కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాను. ఆ పిల్ల మళ్లీ మొదటినుంచి బిగించసాగింది.