పదమూడు ముక్కలకు చాలని చెయ్యి

మా వీధిలో అమావాస్య నాడు మగ్గం నేయరు. ఆ రోజు మగ్గానికి సెలవు. ఆడవాళ్ళకు కూడా సెలవని ఎవరూ అనలేదు. మగవాళ్ళు పొద్దున్నే తలకు పోసుకుని, మగ్గానికి ఊదుబత్తి వెలిగించి, కడుపునిండా తిని, మా ముందరింట్లో జంపఖానా పరిచి పేకాటకు కూర్చుంటారు. మా ఆయన, ఆయన అన్న, వీధిలోంచి ముగ్గురు నలుగురు. పందెం చింతగింజలే. మొహాలు చూస్తే మాత్రం రాజ్యాలు పోతున్నాయేమో అనిపిస్తుంది.

ఆటలో పెద్దమనిషి మా ఆయన అన్న. నేను బావ అంటాను. ఆయనకు నేత అంత బాగా రాదు, ఆయన నేసిన చీర అంచు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. పేక కలపడం మాత్రం తనకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదని ఆయన నమ్మకం. రెండు పేకలూ చెరొక చేతిలో పట్టి బర్రుమనిపిస్తాడు. నాలుగు ముక్కలు ఎగిరి పక్కనే ఉన్న మగ్గం గుంతలో పడతాయి. అప్పుడు నన్ను పిలుస్తారు. గుంతలోకి దిగి, ముక్కలు ఏరి, దుమ్ము తుడిచి ఇచ్చి, వంటింట్లోకి పోవాలి. కొత్తకోడలిగా వచ్చినప్పటి నుంచీ పేకాటలో నా వంతు అంతే.

ఆట రాక కాదు. అన్నేళ్ళూ వాళ్ళ వీపుల వెనక నిలబడి చూశాను. జోకర్ వస్తే కావాలని ఎవరు మొహం వేలాడేస్తారో, మంచి ముక్క పడితే ఎవరు మోకాలు గీరుకుంటారో నాకు తెలుసు. ఆ జంపఖానా మీద ఒక మూల కూర్చుని ఆడాలని నాకు ఆశ. ఒక అమావాస్యకు ఆడేవాళ్ళలో ఒకాయన ఆత్మకూరులో పెళ్ళికి పోయాడు. మనిషి తక్కువ పడింది. నేనున్నాను కదా అన్నాను. బావ నన్ను చెయ్యి చాపమని, దాన్ని అందరికీ చూపించాడు.

"ఈ చేతిలో పదమూడు ముక్కలు యాడ నిలుస్తాయమ్మా. పేక కలిపేది రానోళ్ళకు ఆటలో చోటు లేదు. నీ వంతు వస్తే ఎవరు కలపల్ల?"

ఆ రూలు అప్పుడే పుట్టింది. కలపడం రానివాళ్ళు ఇద్దరు అదే జంపఖానా మీద ఏళ్ళ తరబడి ఆడుతున్నారు. ఒకరు మా ఆయన. ఆయన పేక కలిపితే పిండి పిసికినట్టు ఉంటుంది. ఆ పొద్దు ఆయన చింతగింజలు సర్దుకుంటూ తల ఎత్తలేదు.

నా చేతులు చిన్నవే. గాజుల అంగట్లో నాకు చిన్నపిల్లల గాజులు తీసిస్తారు. ఈ చేతుల వల్లే నేను బడి మొహం చూడలేదు. మా పుట్టిల్లు కర్నూలు వైపు, వాళ్ళదీ నేతే. మగ్గం మీద పాత పడుగు అయిపోతే కొత్త పడుగు పోగులను పాతవాటికి ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. సన్న వేళ్ళయితే పని చురుగ్గా సాగుతుంది. ఇంటిల్లిపాదీ నా వేళ్ళను మెచ్చుకుని పోగుల ముందర కూర్చోబెట్టారు. మా అన్నల వేళ్ళు లావు, వాళ్ళు బడికి పోయారు. యాభై దాటినాక మా కోడలు నాకు అక్షరాలు నేర్పింది. దిద్దేటప్పుడు చేతి కొలత ఎవరూ అడగలేదు.

చదవడం వచ్చింది కాబట్టి ఫోన్‌లో "పేక కలపడం ఎట్లా" అని నేనే కొట్టాను. నేనడిగింది ముద్ద సంగటి, వాళ్ళు పెట్టింది పెళ్ళి భోజనం. ఆ వీడియోల్లో మనుషులకు మొహాలుండవు. నల్లగుడ్డ మీద రెండు చేతులు, వెనక చెవులు పగిలే మోత. వేళ్ళు ఒక్కొక్కటి మునక్కాయంత. పేక ఒంటిచేతిలోనే రెండుగా విడిపోయి, కింది సగం పైకెక్కుతుంది. విసనకర్రలా విచ్చుకుంటుంది. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ముక్కలు చిలకల గుంపులా ఎగిరిపోతాయి. ఇవన్నీ చూశాక బావ బర్రుమనిపించడం ఎంతపాటిదో అర్థమైంది. మామూలుగా కలపడం నేర్చుకుందామన్న బుద్ధి అక్కడితో పోయింది.

ఇంగ్లీషు, హిందీ మాటలు తెలియవు కాబట్టి చేతులే చూసేదాన్ని. అదే మేలు. తెలుగు పిల్లగాడి వీడియో ఒకటి దొరికితే, వాడు సగం సేపు లైక్ కొట్టమని బతిమాలి, మిగతా సగం వాళ్ళ నాన్న తన కళను గుర్తించలేదని చెప్పుకున్నాడు. చెప్పిన కాస్తలోనే "చాలా ఈజీ" అని ఊరికే అంటుంటాడు. వాడు ఈజీ అన్న ప్రతిచోటా నా ముక్కలు నేల మీద పరుచుకునేవి. "చిన్న చేతులవాళ్ళ కోసం ప్రత్యేకం" అని ఇంకొకాయన పెట్టాడు. ఆశగా తెరిచాను. ఆయన చెయ్యి చేటంత ఉంది. వేళ్ళు గోడకానించి రోజూ సాగదీయాలట. అప్పటికీ రాకపోతే పిల్లలాడుకునే బుల్లి పేక కొనుక్కోవాలట. బొమ్మల అంగడి పేక పట్టుకుని బావ ముందర కూర్చోమని సలహా. కింద నేను రాశాను: "నాయనా, నీ చెయ్యి మా ఇంటి చేటంత ఉండాది. మా బాధ నీకేం తెలుసు." జవాబు వచ్చింది, "ప్రాక్టీస్ బ్రో" అని. నన్ను ఎవరైనా బ్రో అనడం అదే మొదలు.

ప్రొద్దుటూరు పోయినప్పుడు కోడలు నాకు రెండు కొత్త పేకలు తెచ్చింది. పప్పు ఉడికే సేపట్లో వంటింట్లో మొదలుపెట్టేదాన్ని. ఒంటిచేత్తో విడగొట్టే పనిలో, చూపుడువేలు కింది సగాన్ని బొటనవేలి దాకా నెట్టాలి. నా వేలు సగం దారిలోనే ఆగిపోతుంది. ముక్కలు పప్పులో కూడా పడ్డాయి. కళావరు తొమ్మిది ఉడికిపోయింది. "సర్కస్‌లో చేరతావా అత్తా, ముందే చెప్పు, నేనూ వస్తా" అని కోడలు ఎగతాళి చేసింది. అయినా ఫోన్ గ్లాసుకు ఆనించి, నా కళ్ళ ఎత్తుకు నిలబెట్టింది ఆమే.

వీడియోవాళ్ళు పేకను నిటారుగా పట్టుకోమంటారు. నేను నూలు కండె పట్టినట్టు ఏటవాలుగా పట్టి చూశాను. అట్లా పట్టుకుంటే మూల అరచేతిలో నిలుస్తుంది, వేలు నెట్టాల్సిన దూరం తగ్గుతుంది. ఇంక జారుడు. కొత్త పేక నూనె రాసినట్టు జారిపోతుంది. పడుగు అతికేటప్పుడు పోగు జారకుండా మేము వేళ్ళకు బూడిద అద్దుకుంటాం, మగ్గం పక్కన ఎప్పుడూ బూడిద డబ్బీ ఉంటుంది. నా చెయ్యి దానంతట అదే ఆ డబ్బీలోకి పోయింది. ముక్కలు మాట వినడం మొదలుపెట్టాయి. ఆట రెండు పేకలతో కాబట్టి ఎడమ చేతికీ నేర్పాను. ఒక్కో చేతిలో ఒక్కో పేక, రెండూ ఒకేసారి తిరగబడతాయి. కుడిచేతికి రావడానికి ఒక చలికాలం పట్టింది, ఎడమచేతికి ఎండాకాలం.

వానాకాలంలో ఒక అమావాస్యకు మళ్ళీ ఒక మనిషి తగ్గాడు. మంగంపేట గనుల్లో పని చేసే కొడుకు దగ్గరికి పోయాడట. నేను చేతులు తుడుచుకుని, నా పేకలు తీసుకుని పోయి ఖాళీ మూలలో కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనకముందే రెండు చేతులూ ఎత్తి తిప్పాను. తర్వాత విసనకర్ర. తర్వాత చిలకల గుంపు. ఒక్క ముక్క కింద పడలేదు. చుట్టూ చూస్తే అందరూ నోరు మూయడం మరిచిపోయారు. ఒకాయన ఇంకోసారి చెయ్యమని అడిగాడు. చేశాను. మా ఆయన నన్ను కొత్తగా ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

బావ మాత్రం ఒక ముక్క తీసి వెనక్కి తిప్పాడు.

"దీని మీద మరక ఉండాది. గుర్తులు పెట్టుకొని వచ్చినావు."

అందరూ ఒక్కో ముక్క తీసి వేలితో రుద్దారు. అందరూ నేతగాళ్ళే. అది ఏ బూడిదో చిన్నప్పటి నుంచీ తెలిసినవాళ్ళే. ఒక్కరూ ఆ మాట అనలేదు. బావ మాటకు తలలు మాత్రం ఊపారు.

"అన్ని ముక్కలకూ ఒకే చోట ఒకే మరక ఉంటే అది గుర్తు ఎట్లయితాది బావా," అన్నాను. "మీ పేకలో ఇస్పేటు రాజుకు మూల చిరిగి ఎన్నేళ్ళాయె? ఆటీను రాణి వీపున టీ మరక యాడ ఉండాదో ఈడ కూర్చున్నోళ్ళలో తెలియనోళ్ళు ఎవరో చెప్పండి."

వెనక గడపలో నిలబడిన మా కోడలు నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. మా ఆయన దగ్గాడు. దగ్గి, ఆటీను రాణి మరక సంగతి తనకూ తెలుసని నెమ్మదిగా ఒప్పుకున్నాడు. ఇంతకాలపు సంసారంలో నా వైపు ఆయన చెప్పిన పెద్ద సాక్ష్యం అది.

బావ చేతిలోని ముక్కను కింద పెట్టాడు. చివరికి తీర్పు చెప్పాడు.

"ఇంత చేతివాటం ఉన్నోళ్ళు పేక కలిపితే మా గతి ఏం కావల్ల. ఆడితే ఆడు. కలిపేది మాత్రం వద్దు. నీ పేకా వద్దు."

అంటే, కలపడం రాదని అప్పుడు కూర్చోనివ్వలేదు. కలపడం వచ్చింది కాబట్టి ఇక కలపకూడదు. ఈ రెండు రూల్స్ ఒకే నోట్లోంచి వచ్చాయి, ఆ నోటికి ఏ ఇబ్బందీ కలగలేదు. నేను నేర్చుకున్నదంతా పక్కన పెట్టేస్తేనే చోటు. సరే అన్నాను. నాకు కావలసింది చోటు.

ముక్కలు పంచారు. పదమూడూ నా చేతిలో నిలిచాయి, విసనకర్ర విద్య అందుకైనా పనికొచ్చింది. మొదటి ఆటలో ఒక్క వరస కూడా కలవక, గుప్పెడు గింజలు పోగొట్టుకున్నాను. రెండోదీ అంతే. వెనక నిలబడి చూసినప్పుడు తెలియని సంగతి ఒకటి కూర్చున్నాక తెలిసింది. ఆటలో ఎక్కువ భాగం బావ ఆలోచించడమే. గడ్డం నిమురుకుంటాడు, పైకప్పు చూస్తాడు, కొత్త చీరకు బుటా కనిపెడుతున్నట్టు కళ్ళు మూసుకుంటాడు. అంతా అయి ఆయన వేసేది ఎవరికీ అక్కరలేని డైమన్ రెండు. ఇంత విసుగు పుట్టే పని నాకు అంటకుండా వాళ్ళు ఎంత జాగ్రత్తగా కాపాడారో అనుకున్నాను.

మూడో ఆటకు నా మోకాళ్ళు పట్టేశాయి. బావ కనిపెట్టాడు. అలిసిపోయింటావు, లేచి లోపలికి పోమ్మా అన్నాడు, ఎంతో దయగా. నేను కాలు మార్చి కూర్చున్నాను.

"వంతు ఎవరిది బావా?"

ఆయనదే.